ప్రయోగ జంతువుల ఊపిరితిత్తుల్లో బూజు: నిర్ధారణ ఎలా చేస్తారు?

శిలీంద్రాల వల్ల వచ్చే న్యుమోనియా గురించి గతంలో రాసిన జవాబు చదివి, కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల పాఠకులు కొందరు మరిన్ని ప్రశ్నలు పంపారు. ప్రయోగశాల జంతువుల్లో ఈ జబ్బును ఎలా గుర్తిస్తారన్నదే దాదాపు అందరి సందేహం కనుక, ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: ఈమధ్య చదివిన ఒక పరిశోధనా పత్రంలో చిట్టెలుకల ముక్కులో ఆస్పర్జిల్లస్ అనే బూజు బీజాణువులు వేసి, ఆ తరువాత నాలుగైదు రకాల పరీక్షలు చేసి వాటికి న్యుమోనియా వచ్చిందని నిర్ధారించారు. బూజును ఎక్కించింది వాళ్ళే అయినప్పుడు మళ్ళీ నిర్ధారణ ఎందుకండీ?
— డిగ్రీ కళాశాల జంతుశాస్త్ర అధ్యాపకుడు, కడప

జవాబు: బీజాణువు లోపలికి వెళ్ళడం వేరు, జబ్బు రావడం వేరు. ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ బీజాణువు 2 నుంచి 3 మైక్రాన్ల పరిమాణంలోనే ఉంటుంది కాబట్టి ముక్కులోనూ శ్వాసనాళంలోనూ చిక్కుకోకుండా గాలిగదుల దాకా చేరగలదు. అలాంటి బీజాణువులను మనమందరం రోజూ పీలుస్తూనే ఉన్నాం. ఆరోగ్యంగా ఉన్న చిట్టెలుకకు లక్షల సంఖ్యలో వాటిని ఇచ్చినా, గాలిగదుల్లో కాపలా ఉండే మాక్రోఫేజ్ కణాలూ, రక్తంలోంచి వచ్చి చేరే న్యూట్రోఫిల్ కణాలూ కలిసి ఒకటి రెండు రోజుల్లో చాలా వరకు ఊడ్చేస్తాయి. అందుకే పరిశోధకులు ముందుగా ఆ జంతువు రోగనిరోధక శక్తిని అణచివేస్తారు. సైక్లోఫాస్ఫమైడ్ ఇస్తే ఎముక మజ్జ దెబ్బతిని న్యూట్రోఫిల్ కణాలు పడిపోతాయి. కార్టిసోన్ వంటి స్టెరాయిడ్ ఇస్తే కణాలు ఉంటాయి గానీ బీజాణువును చంపే శక్తి తగ్గిపోతుంది. ఈ రెండు పద్ధతుల్లోనూ ఎలుక చనిపోవచ్చు గానీ లోపల జరిగేది ఒకటి కాదు. మొదటిదానిలో తంతువులు విచ్చలవిడిగా పెరిగి రక్తనాళాలను చీల్చుకొని వెళ్తాయి, వాపు తక్కువగా ఉంటుంది. రెండోదానిలో బూజు తక్కువే అయినా న్యూట్రోఫిల్ కణాలు గుంపులుగా చేరి, ఆ వాపే ఊపిరితిత్తిని పాడుచేస్తుంది. బయటి నుంచి చూస్తే రెండు ఎలుకలూ ఒకే విధంగా ముడుచుకొని, వెంట్రుకలు నిక్కబొడుచుకొని, బరువు తగ్గిపోయి కనిపిస్తాయి. ఏ ఎలుకకు ఏం జరిగిందో పరీక్షించి చూస్తే గాని తెలియదు.

ఎంత బూజు చేరిందన్నది ఇంకో ప్రశ్న. ముక్కులో వేసిన చుక్కలో కొంత పొట్టలోకి పోతుంది, కొంత ముక్కులోనే ఆగిపోతుంది. అందుకని జాగ్రత్త గల పరిశోధకులు బీజాణువులు ఇచ్చిన గంటలోపే ఒకటి రెండు జంతువుల ఊపిరితిత్తులు తీసి, నిజంగా ఎన్ని చేరాయో లెక్కపెడతారు. ఆ లెక్క ఇవ్వని పత్రాన్ని నేను కాస్త అనుమానంగానే చదువుతాను.

మరో కారణం మనుషులకు సంబంధించినది. కీమోథెరపీ తీసుకుంటున్న రోగికి ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు ఊపిరితిత్తి ముక్క తీయడం ప్రమాదకరం. బూజు ఏ రోజు లోపలికి వెళ్ళిందో ఎవరికీ తెలియదు. జంతువులో ఆ గంట తెలుసు, చివరికి ఊపిరితిత్తి మొత్తం చేతికి వస్తుంది. ఒక కొత్త రక్తపరీక్ష జబ్బు మొదలైన ఎన్నో రోజుకు పసిగడుతుందో చూడాలంటే ఇంతకంటే నికరమైన మార్గం లేదు. కాబట్టి ఆ పత్రంలో నిర్ధారణ అన్న మాటను నాలుగు ప్రశ్నలుగా విడదీసి చదవండి: బూజు ఉందా, బతికే ఉందా, కణజాలంలోకి చొచ్చుకుపోయిందా, మందుకు తగ్గుతోందా? నాలుగింటికీ జవాబు చెప్పగల పరీక్ష ఏదీ లేదు. నాలుగైదు పరీక్షలు చేయవలసి వచ్చింది అందుకే.

ప్రశ్న: మా ప్రాజెక్టులో జబ్బు పడిన చిట్టెలుకల ఊపిరితిత్తులను నూరి, పలుచన చేసి, సబురాడ్ అగార్ (బూజును పెంచే మాధ్యమం) పళ్ళేల మీద పరిచి కాలనీలు లెక్కపెట్టాం. రెండో రోజుకూ నాలుగో రోజుకూ కాలనీల సంఖ్యలో తేడా లేదు. కాని ఎలుకల పరిస్థితి బాగా క్షీణించింది, పీసీఆర్ (డీఎన్ఏను కొలిచే పరీక్ష) కూడా బూజు ఎన్నో రెట్లు పెరిగిందని చెప్పింది. మా లెక్కలో తప్పుందా?
— ఎం.ఎస్‌సి. విద్యార్థిని, అనంతపురం

జవాబు: మీరు వర్ణించిన దానిని బట్టి లెక్కలో తప్పు కనిపించడం లేదు; ఆ లెక్కకు ఉన్న పరిమితే మీకు ఎదురైంది. ఈస్ట్ వంటి ఏకకణ శిలీంద్రం అయితే ఒక కణం ఒక కాలనీ అవుతుంది కాబట్టి సంఖ్య నమ్మదగినదే. ఆస్పర్జిల్లస్ మొలకెత్తాక తంతువుగా సాగి, కొమ్మలు వేసి, అల్లుకుపోతుంది. ఆ అల్లిక ఎంత పెద్దదైనా, నూరినప్పుడు తెగకుండా పళ్ళెం మీద పడితే లేచేది ఒక్క కాలనీయే. ఒక వేరుశనగ చెట్టుకు అయిదు కాయలున్నా యాభై కాయలున్నా, పీకి లెక్కపెట్టేవాడికి అది ఒక్క చెట్టే కదా. పైగా గట్టిగా నూరితే పలుచని గోడలున్న తంతుకణాలు చితికి చనిపోతాయి, మెల్లగా నూరితే ముద్దగా ఉండిపోతాయి. ఏం చేసినా అసలు బూజు బరువుకు కాలనీల సంఖ్య అద్దం పట్టదు. మందులతో చేసే ప్రయోగాల్లో ఇది మరీ చిక్కు తెస్తుంది. శిలీంద్రాలకు వాడే ఎకినోకాండిన్ రకం మందులు తంతువులను పొట్టిగా, మొద్దుగా మార్చి ముక్కలయ్యేటట్టు చేస్తాయి కనుక, మందు పనిచేస్తున్నా కాలనీలు తగ్గకపోవచ్చు, ఒక్కోసారి పెరిగినట్టు కూడా కనిపించవచ్చు.

అలాగని కల్చర్‌ను, అంటే పళ్ళెం మీద పెంచి చూడడాన్ని, వదిలేయకూడదు. బూజు బతికి ఉందని సూటిగా చెప్పేది అదొక్కటే, ఏ జాతో తేల్చడానికీ, మందుకు లొంగుతుందో లేదో చూడడానికీ అదే ఆధారం. మీ లెక్కలో గుర్తింపు హద్దును కూడా రాయండి. ఊపిరితిత్తిని 2 మిల్లీలీటర్లలో నూరి, అందులో 0.1 మిల్లీలీటరు మాత్రమే పళ్ళెం మీద పరిస్తే, ఒక్క కాలనీ అంటే ఊపిరితిత్తి మొత్తానికి 20 అని అర్థం. అప్పుడు కాలనీలు రాలేదంటే బూజు లేదని కాదు, 20 కంటే తక్కువ ఉండవచ్చునని. అగార్‌లో క్లోరాంఫెనికాల్ కలిపితే బాక్టీరియా అడ్డు రాదు. 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర 24 నుంచి 48 గంటల్లో కాలనీలు కనిపిస్తాయి.

మీ జిల్లాలో ఇంకొక జాగ్రత్త అవసరం. వేరుశనగ కాయ కొట్టే రోజుల్లో గాలి నిండా దుమ్ము ఉంటుంది, ఆ దుమ్ములో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ ఉండే అవకాశం ఎక్కువ. అఫ్లాటాక్సిన్ విషాన్ని తయారుచేసే బూజు అదే. కిటికీ తెరిచి ఉన్న గదిలో పళ్ళెం మూత తీస్తే అది కూడా వచ్చి మొలుస్తుంది. ఫ్యూమిగేటస్ కాలనీ నీలం కలిసిన బూడిద పచ్చగా, ఫ్లేవస్ కాలనీ పసుపు కలిసిన పచ్చగా ఉంటాయి. రంగు చూసి తేల్చుకోలేకపోతే 50 డిగ్రీల దగ్గర పెంచి చూడండి. ఫ్యూమిగేటస్ పెరుగుతుంది, ఫ్లేవస్ సాధారణంగా పెరగదు.

ఇక పీసీఆర్ సంగతి. శిలీంద్రపు రైబోసోమ్ జన్యువులు ఒక్కో కణంలో అనేక ప్రతులుగా ఉంటాయి కనుక, పరిశోధకులు ఎక్కువగా 18ఎస్ లేదా 28ఎస్ భాగాన్ని ఎంచుకుంటారు. తంతువులు పెరిగే కొద్దీ కేంద్రకాలు పెరుగుతాయి, డీఎన్ఏ పెరుగుతుంది. మీ పీసీఆర్ చూసింది ఆ పెరుగుదలనే. అయితే అది చచ్చిన బూజు డీఎన్ఏను కూడా లెక్కలో వేసుకుంటుందని మరచిపోవద్దు. ఫలితం చెడేది చాలాసార్లు యంత్రంలో కాదు, అంతకు ముందు డీఎన్ఏ తీసే దశలో. బీజాణువు గోడ చాలా గట్టిది. మామూలు జంతుకణజాలపు కిట్‌తో అది పగలదు. చిన్న గాజుపూసలు గాని జిర్కోనియా పూసలు గాని వేసి బలంగా కుదపాలి. తెలిసిన మొత్తాలతో పోల్చుకోవడానికి గీసే ప్రామాణిక రేఖ కోసం శుద్ధమైన డీఎన్ఏను వాడకండి. జబ్బు లేని ఎలుక ఊపిరితిత్తిని నూరి, అందులో తెలిసిన సంఖ్యలో బీజాణువులు కలిపి, మీ నమూనాలతో పాటే మొదటి నుంచి అదే పద్ధతిలో నడిపించండి. అప్పుడు పూసల దగ్గర పోయినదీ, రక్తంలోని పదార్థాలు అడ్డుకున్నదీ అన్నీ ఆ రేఖలోనే ఇమిడిపోతాయి. పీసీఆర్ సవ్యంగా నడిస్తే పదిరెట్ల తేడాకు సుమారు 3.3 చక్రాల తేడా రావాలి. మీ రేఖలో అది 4 దాటితే మళ్ళీ మొదటికి వెళ్ళండి. ఏ కణజాలమూ వేయని ఖాళీ గొట్టం ఒకటి ప్రతిసారీ వెంట ఉండాలి, ఎందుకంటే ఈ బూజు డీఎన్ఏ రసాయనాల సీసాల్లో కూడా దొరుకుతుంది.

చివరగా, ఊపిరితిత్తిని ఎలా పంచుకున్నారో మీరు రాయలేదు. చిట్టెలుకకు ఎడమ ఊపిరితిత్తి ఒకే తమ్మె (లోబ్)గా, కుడిది నాలుగు తమ్మెలుగా ఉంటుంది. ఎడమదాన్ని శ్వాసనాళం గుండా ఫార్మలిన్ ఎక్కించి, ఉబ్బించి, దారంతో కట్టి, కణజాల పరీక్షకు పంపడం, కుడివైపు నాలుగింటినీ కలిపి నూరి, ఆ ద్రవాన్ని కల్చర్‌కూ పీసీఆర్‌కూ పంచడం చాలామంది పాటించే ఏర్పాటు. బూజు ఊపిరితిత్తి అంతటా సమానంగా పరుచుకోదు కాబట్టి, ఒక తమ్మెను కల్చర్‌కూ వేరొక తమ్మెను పీసీఆర్‌కూ ఇస్తే రెండు ఫలితాలూ పొసగకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఎడమ తమ్మె నుంచి 4, 5 మైక్రాన్ల పొరలు కోసి గ్రోకాట్ వెండి రంగు వేయించండి. క్రోమిక్ ఆమ్లం శిలీంద్రపు గోడలోని పిండిపదార్థాలను ఆల్డిహైడ్లుగా మారుస్తుంది, అవి వెండి లవణాన్ని వెండిగా మారుస్తాయి, ఆకుపచ్చని నేపథ్యం మీద తంతువులు నల్లగా తేలుతాయి. తంతువు గాలిగదిలో ఆగిందా, రక్తనాళపు గోడను దాటిందా అన్నది ఆ స్లయిడ్‌లో తప్ప మరెక్కడా కనిపించదు.

ప్రశ్న: రోగుల రక్తంలో గాలక్టోమానాన్, బీటా-డి-గ్లూకాన్ పరీక్షలు చేస్తుంటాం. ఇవే చిట్టెలుకలకు కూడా పనికివస్తాయా? 2021లో అందరినీ భయపెట్టిన బ్లాక్ ఫంగస్‌ను ఇవి పట్టుకుంటాయా?
— ప్రయోగశాల సాంకేతిక నిపుణుడు, కర్నూలు

జవాబు: పరీక్ష పనికివస్తుంది, రక్తమే చాలదు. 25 గ్రాముల చిట్టెలుక ఒంట్లో మొత్తం రక్తం 2 మిల్లీలీటర్లకు మించదు. బతికి ఉండగా ఒకసారికి అందులో పదో వంతు కంటే ఎక్కువ తీయకూడదు. మీరు వాడే గాలక్టోమానాన్ ఎలీసాకు (ప్రతిరక్షకంతో పట్టుకునే పరీక్షకు) 300 మైక్రోలీటర్ల సీరం కావాలి. అంటే చిట్టెలుకను చంపి గుండె నుంచి రక్తం తీసినప్పుడు ఒక్కసారి చేయగలం, అంతే. జబ్బు ఏ రోజుకు ఎంత ముదిరిందో ఒకే జంతువులో వెంబడించాలంటే గినీ పంది గాని కుందేలు గాని కావాలి. కుందేలు చెవి సిర నుంచి రోజు మార్చి రోజు కొద్దికొద్దిగా తీసుకోవచ్చు. అందువల్లే ఈ పరీక్షల మీద లోతైన పని ఆ రెండు జంతువుల్లో ఎక్కువగా జరిగింది. జంతువును ఎంచుకున్నప్పుడే పరీక్షను సగం ఎంచుకున్నట్టు.

గాలక్టోమానాన్ అన్నది ఆస్పర్జిల్లస్ గోడలోని చక్కెర పదార్థం. తంతువు పెరిగేటప్పుడు దాన్ని బయటికి వదులుతుంది. మీ కిట్‌లోని ఈబీ-ఏ2 అనే ప్రతిరక్షకం దాన్నే పట్టుకుంటుంది. బీజాణువు నిద్రలో ఉంటే ఇది పెద్దగా రాదు కనుక, కేవలం పీల్చిన బూజుకూ పెరుగుతున్న బూజుకూ తేడా చెప్పడంలో దీనికి విలువ ఉంది. రక్తంలో న్యూట్రోఫిల్ కణాలు లేని జంతువుల్లో ఇది బాగా పనిచేస్తుంది. స్టెరాయిడ్ పద్ధతిలో బూజు తక్కువ, ఉన్న కణాలు ఆ పదార్థాన్ని తొలగిస్తాయి, సీరంలో సూచిక, జబ్బు ఉన్నట్టు లెక్కించే 0.5 హద్దును దాటకుండానే జంతువు చనిపోవచ్చు. అలాంటప్పుడు ఊపిరితిత్తిని కడిగిన ద్రవాన్ని పరీక్షించడం మేలు. శ్వాసనాళాన్ని బయటపెట్టి, 20 లేదా 22 గేజ్ గొట్టం దూర్చి, దారంతో బిగించి, దాదాపు 1 మిల్లీలీటరు ఉప్పునీటిని మెల్లగా లోపలికి పంపి వెనక్కి లాగుతారు. సెంట్రిఫ్యూజ్ చేశాక అడుగున చేరిన కణాలు స్లయిడ్‌కు, పైన తేరిన ద్రవం ఎలీసాకు. ఫలితం రాసేటప్పుడు ఎంత పంపారో, ఎంత తిరిగి వచ్చిందో కూడా రాయాలి. లేకపోతే రెండు జంతువుల సూచికలను పోల్చడానికి వీలుండదు.

బీటా-డి-గ్లూకాన్ చాలా శిలీంద్రాల గోడల్లో ఉంటుంది కాబట్టి, అది బూజు ఉందని చెబుతుంది గానీ ఏ బూజో చెప్పదు. ఈ పరీక్షకు గుర్రపునాడా పీత రక్తకణాల సారం ఆధారం. ఆ రకం పీతలు మన పక్కనే ఒడిశా తీరంలో ఉన్నా, పరీక్షలో వాడే సారం మాత్రం ముఖ్యంగా అమెరికా తీరపు పీతలది. గ్లూకాన్‌ను పికోగ్రాముల్లో కొలుస్తారు. మనుషుల సీరంలో మిల్లీలీటరుకు 80 దాటితే ఉన్నట్టు లెక్క. అంత సున్నితమైన పరీక్షను దూది, కట్టు కట్టే పలుచని గుడ్డ (గాజ్), మామూలుగా కడిగిన గాజుసామాను కూడా చెడగొట్టగలవు. పైగా చిట్టెలుక గుండె నుంచి హడావిడిగా లాగిన రక్తంలో ఎర్రకణాలు పగిలి సీరం ఎర్రబారడం మామూలే. ఆ ఎరుపు రంగు ఈ కొలతకు అడ్డు. ఎర్రబారిన నమూనాను పక్కన పెట్టడమే మంచిది.

బ్లాక్ ఫంగస్ మాటకొస్తే, రెండు పరీక్షలూ దాన్ని పట్టుకోవు. రైజోపస్ వంటి మ్యూకర్ తెగ శిలీంద్రాల్లో గాలక్టోమానాన్ ఉండదు, గ్లూకాన్ కూడా ఈ పరీక్షకు అందేటంత ఉండదు. స్ట్రెప్టోజోటోసిన్‌తో మధుమేహం తెప్పించిన చిట్టెలుకలకు రైజోపస్ ఇచ్చి ఈ జబ్బును అధ్యయనం చేస్తారు. అక్కడ కల్చర్ కూడా మోసం చేస్తుంది. ఈ తంతువుల్లో అడ్డుగోడలు దాదాపు ఉండవు కనుక, నూరగానే లోపలి పదార్థమంతా కారిపోయి చనిపోతాయి. ఊపిరితిత్తి నల్లబడి కళ్ళెదుట కనిపిస్తున్నా పళ్ళెం ఖాళీగా ఉండవచ్చు. అందుకని నూరకుండా, కత్తితో చిన్న ముక్కలుగా తరిగి అగార్ మీద ఉంచాలి. పీసీఆర్, కణజాల పరీక్ష ఇక్కడ ప్రధానమైనవి. స్లయిడ్‌లో ఆస్పర్జిల్లస్ తంతువు సన్నగా, అడ్డుగోడలతో, సుమారు 45 డిగ్రీల కోణంలో చీలుతుంది. మ్యూకర్ తంతువు వెడల్పుగా, పట్టీలాగా మెలితిరిగి, దాదాపు లంబకోణంలో చీలుతుంది. ఒక్క తంతువును చూసి ఈ తేడా తేల్చేయకుండా, నాలుగైదు చోట్ల చూసి చెప్పండి.

ప్రశ్న: న్యుమోసిస్టిస్ అనే శిలీంద్రాన్ని పళ్ళెం మీద పెంచలేమంటారు. మరి ఎలుకలో దాన్ని ఎలా గుర్తిస్తారు?
— పశువైద్య విద్యార్థి, ప్రొద్దుటూరు

జవాబు: సూక్ష్మదర్శినితోనూ పీసీఆర్‌తోనూ. 1909లో కార్లోస్ షాగాస్ గినీ పంది ఊపిరితిత్తిలో దీన్ని చూసి, తాను అధ్యయనం చేస్తున్న ట్రిపనోసోమా పరాన్నజీవి దశల్లో ఒకటనుకున్నాడు. 1912లో పారిస్‌లో దెలనోయె దంపతులు ఇది వేరే జీవి అని తేల్చారు. 1988లో రైబోసోమ్ ఆర్ఎన్ఏ క్రమాన్ని చూశాక గాని ఇది శిలీంద్రమని రుజువు కాలేదు. ఒక్కో జంతువుకు ఒక్కో జాతి: పెద్ద ఎలుకకు (ర్యాట్) కారినై, చిట్టెలుకకు (మౌస్) మ్యూరినా, మనిషికి జిరోవెకీ. చిట్టెలుక నుంచి తీసిన దాన్ని పెద్ద ఎలుకకు ఎక్కించి జబ్బు కోసం ఎదురుచూస్తే రాదు.

రంగు ఎంచుకోవడంలోనే అసలు కిటుకు ఉంది. వెండి రంగూ, టొలుయిడిన్ బ్లూ రంగూ ఈ జీవి 5 నుంచి 8 మైక్రాన్ల కోశాల (సిస్ట్‌ల) గోడకు మాత్రమే పడతాయి. ఊపిరితిత్తిలో అధిక సంఖ్యలో ఉండేవి కోశాలు కావు, గోడ సరిగా లేని ట్రోఫిక్ రూపాలు. వాటి కేంద్రకాలు చూడాలంటే జీమ్సా రంగు వేయాలి, అయితే అందులో కోశపు గోడ రంగు పట్టక ఖాళీ వలయంలా మిగిలిపోతుంది. కనుక రెండు స్లయిడ్లూ చేయాలి. ఎకినోకాండిన్ ఇచ్చిన ఎలుకల్లో కోశాలు మాయమై ట్రోఫిక్ రూపాలు మిగులుతాయి. వెండి రంగు ఒక్కటే చూసినవాడు జబ్బు నయమైందని రాసేస్తాడు. గ్లూకాన్ కోశపు గోడలోనే ఉంటుంది కాబట్టి రక్తపరీక్ష కూడా అదే పొరపాటుకు దారితీయవచ్చు.

మీ జంతుశాలలో స్టెరాయిడ్ ఇచ్చే ప్రయోగం ఏదైనా, అది శిలీంద్రాల గురించి కాకపోయినా, ఈ జీవి ఉందో లేదో ముందుగా పీసీఆర్‌తో చూసుకోవాలి. గాలి ద్వారా ఒక ఎలుక నుంచి ఇంకొకదానికి పాకి, నిశ్శబ్దంగా ఉండి, వారాల తరబడి స్టెరాయిడ్ ఇచ్చాక బయటపడుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఎలుకల ఊపిరితిత్తుల్లో కనిపించే ఒక రకం వాపుకు చాలాకాలం ఏదో వైరస్ కారణమనుకున్నారు. చివరికి అది కూడా న్యుమోసిస్టిస్ పనేనని తేలింది.

ప్రశ్న: మా షెడ్‌లో వేరుశనగ పొట్టు పరిచాం. వారం వయసు కోడిపిల్లలు నోరు తెరిచి ఆయాసపడుతూ చనిపోతున్నాయి. మందుల దుకాణంలో ఇది బూజు న్యుమోనియా అన్నారు. మీరు చెప్పే పరీక్షలు వీటికి చేయించాలా?
— కోళ్ళ రైతు, తాడిపత్రి

జవాబు: మీకు అన్ని పరీక్షలు అక్కరలేదు. తడిసి బూజు పట్టిన పొట్టు మీద పెరిగిన పిల్లలకు ఆస్పర్జిల్లస్ న్యుమోనియా రావడం బాగా తెలిసిన సంగతే. కోడిపిల్లలకు అది సహజంగా వస్తుంది కాబట్టే పరిశోధకులు కూడా వాటిని నమూనా జంతువులుగా వాడారు. అయితే ఆయాసానికి వేరే కారణాలు కూడా ఉంటాయి, దుకాణంలో మాట విని మందు కొనవద్దు. అప్పుడే చనిపోయిన రెండు మూడు పిల్లలను మంచు పెట్టిన డబ్బాలో, నీరు తగలకుండా ప్లాస్టిక్ సంచిలో కట్టి, పరిచిన పొట్టు గుప్పెడు వేరే కాగితపు సంచిలో వేసి, అదే రోజు పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు గాని ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకు గాని చేర్చండి. అక్కడ ఊపిరితిత్తుల్లోనూ గాలితిత్తుల్లోనూ పసుపు కలిసిన తెల్లని గింజల్లాంటి గడ్డలు ఉన్నాయేమో చూస్తారు. గడ్డను స్లయిడ్ మీద పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో చిదిమితే కణజాలం కరిగిపోయి తంతువులు మిగులుతాయి. అది కొద్దిసేపటి పని. కల్చర్‌కు రెండు మూడు రోజులు పడుతుంది. గడ్డలోనూ పొట్టులోనూ ఒకే బూజు మొలిస్తే కారణం దొరికినట్టే. ఫలితం వచ్చేదాకా ఆగకుండా ఈ రోజే తడి పొట్టు తీయించండి. తీసేటప్పుడు పిల్లలను వేరే గదికి మార్చి, మీరూ పనివాళ్ళూ ముక్కుకు మాస్క్ కట్టుకోండి.